సిద్దికమ్మ వాన

సిద్దికమ్మ ఇంట్లో ఉన్న రేడియో గడియారాన్ని తయారు చేసినవాడెవడోగానీ, చీకటితో లేచి కూలికి పోయే యోగం వాడికి జన్మలో పట్టి ఉండదు. పట్టి ఉంటే రేడియోకీ అలారానికీ కలిపి ఒకటే సౌండు చక్రం పెట్టడు. పక్కవాళ్ళు పడుకున్నారు కదా అని రాత్రి పాటలు మెల్లగా పెట్టుకుంటే, తెల్లవారుజామున అలారం కూడా అంతే మెల్లగా గొణుగుతుంది. చక్రం మొత్తం తగ్గించేస్తే మోగాల్సిన వేళకి మోగుతూనే ఉంటుంది, వినపడదంతే. తన డ్యూటీ తాను చేశానని దాని ధీమా.

ఆ ఒక్క అవలక్షణమే అయితే సరిపెట్టుకోవచ్చు. దాంట్లో టైము ముందుకే జరుగుతుంది తప్ప వెనక్కి రాదు. నొక్కుతూ నొక్కుతూ ఒక్క అంకె దాటిపోయామా, రోజంతా చుట్టి మళ్ళీ అక్కడికి రావాల్సిందే. పగలో రాత్రో చెప్పే ఎర్ర చుక్క ఆవగింజంత ఉంటుంది. కరెంటు పోయినా టైము మర్చిపోకుండా అడుగున బ్యాటరీ వేసే గూడు ఉంది, కానీ ఆ బ్యాటరీ చచ్చిపోయిన సంగతి కరెంటు పోయి వచ్చాకే బయటపడుతుంది. అప్పుడు పన్నెండు, పన్నెండు అంటూ కన్ను కొడుతూ కూర్చుంటుంది. ఇంకాసేపు పడుకోనిచ్చే మీట అరచేయంత, అలారం ఆపే మీట గోరంత. మనిషి లేవడం కంటే పడుకోవడమే దానికి ఇష్టమన్నమాట.

అయినా దాన్ని పారేయలేదంటే మంచి గుణాలూ ఉన్నాయి. అంకెలు పెద్దవి, ఎర్రవి. కళ్ళజోడు వెతుక్కోకుండా, దిండు మీంచి తల ఎత్తకుండా టైము చూసుకోవచ్చు. కిందపడితే పగిలే రకం కాదు. మిరప ఘాటుకి ఇంట్లో మనుషులు తుమ్మి తుమ్మి అలిసిపోతుంటే దానికి ఒక్కనాడూ ఒంట్లో బాగోకపోవడం అంటూ లేదు. అన్నిటికీ మించి దాని గొంతు. చక్రం కడదాకా తిప్పితే అంత చిన్న డబ్బాలోంచి అంత మోత ఎలా వస్తుందో, విన్నవాళ్ళకి ఆశ్చర్యం.

దాన్ని తెచ్చింది సిద్దికమ్మ భర్త మీరా హుస్సేన్, ఆయన ఇంకా పనికి పోగలిగిన రోజుల్లో. సత్తెనపల్లిలో ఒక లాడ్జీ ఆసామి పెద్ద హోటళ్ళలో చూసొచ్చి, గదికొకటి చొప్పున మంచాల పక్కన పెట్టించాడు. ముందురోజు దిగినవాడు పెట్టుకున్న అలారం మర్నాడు దిగినవాణ్ణి లేపేది. ఆపడం తెలియక కొందరు దాన్ని దిండు కింద అదిమేవాళ్ళు, కొందరు బనీన్ల మీదే కౌంటరు దగ్గరికొచ్చి పోట్లాడేవాళ్ళు. ఆసామి విసిగిపోయి అన్నిటినీ పీకించేశాడు. అప్పుడు అక్కడ పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుడుతున్న మీరా హుస్సేన్‌కి ఒకటి ఇచ్చాడు. అప్పటికే దాని స్టేషన్ల మీట మీడియం వేవ్ మీద బిగుసుకుపోయింది, బీప్ బీప్ అనే గంట మూగబోయింది. అలారం మోగాలంటే రేడియో మోగాల్సిందే.

దాని అసలు ప్రతాపం అక్కడే బయటపడింది. మిరప కోతలకి లేవాల్సిన వేళకి ఆకాశవాణి ఇంకా లేవదు. కాబట్టి అలారంలో పాట రాదు, మాట రాదు. రేకుల మీద పెద్ద వాన పడ్డట్టు బుస్సుమని ఒకటే హోరు. ఏళ్ళ తరబడి పాటలకే వాడి, అలారం పెట్టిన మొదటిరోజు చక్రం కడదాకా తిప్పి, డబ్బాని కిటికీలో పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున చర్చి వెనక సందు మొత్తం ఆ హోరుకి ఉలిక్కిపడి లేచింది. ఎండబోసిన కాయలు తడిసిపోతాయని ఆడా మగా పట్టాలు పట్టుకుని కల్లాల వైపు పరిగెత్తారు. వాళ్ళలో సగం మందికి సొంత కాయ ఒక్కటి లేదు, అయినా పరిగెత్తారు. ఆ వైపు మనిషికి ఎండుకాయల మీద వాన అంటే ముందు ఒళ్ళు లేస్తుంది, బుర్ర తర్వాత లేస్తుంది. ఆటో తోలే గౌస్ బాషా లుంగీ ఎగ్గట్టి అందరికంటే ముందున్నాడు. తీరా చూస్తే ఆకాశం నిండా చుక్కలు.

తిట్టుకుంటూ తిరిగొచ్చాక, సిద్దికమ్మ నడిపే కోతల కూలీల ముఠాలో పనిచేసే క్రిస్టీనా కిటికీ దగ్గర నిలబడి ఆ డబ్బాని కాసేపు చూసింది.

"సిద్దికమ్మా, రోజూ ఇదే పెట్టు. గంట మోగితే లెగవం గానీ, వాన పడిందంటే పీనుగైనా లెగుస్తది" అంది.

ఆ పూట నుంచి దానికి సిద్దికమ్మ వాన అని పేరు పడింది. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫోన్లలో అలారాలున్నాయి. వాన ఉండగా అవెందుకని అందరూ పెట్టుకోవడం మానేశారు.

సిద్దికమ్మకి మాత్రం అది ప్రాణానికి ప్రాణమైంది. ఎందుకో తెలియాలంటే ఆమె సంగతి కొంచెం చెప్పాలి. ఆమె పుట్టింది పిడుగురాళ్ళ దగ్గర, సున్నపుబట్టీల పొగలో. పత్తి పండే దేశంలో దూదేకులవాడికి పనికేం కొదవ అని మీరా హుస్సేన్‌కి ఇచ్చి చేశారు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఆయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. తర్వాత మిషన్లొచ్చాయి, వాటి వెనక ఫోము పరుపులొచ్చాయి. విల్లు అటకెక్కింది. దూది నుసి మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. పదడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. పిల్లల్లేరు. సిద్దికమ్మ కొంగు నడుముకి చుట్టి మిరపచేలోకి దిగింది. కోసే చేయి చురుకు, నోరు ఇంకా చురుకు. కొన్నేళ్ళు తిరిగేసరికి ముఠాకి మేస్త్రి అయి కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే, మేస్త్రికి కూర్చునే తీరిక ఎక్కడిది.

మేస్త్రి అంటే రైతుతో పని మాట్లాడి రావడం ఒక్కటే కాదు. చీకటితో లేచి ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని లేపాలి. లేపలేని మనిషి మేస్త్రిగా పనికిరాదు, అది ఆ వైపు రివాజు. ఎవరిని ఎలా పిలవాలో సిద్దికమ్మకి కొట్టిన పిండి. పసిబిడ్డ తల్లి స్తుతిని కిటికీ దగ్గర గుసగుసగా పిలవాలి, బిడ్డ లేచిందంటే ఆ రోజుకి స్తుతి రానట్టే. వెంకటేశ్వరమ్మ ఆఁ అంటుంది, అని మళ్ళీ పడుకుంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి పిలవాలి. క్రిస్టీనాని పెరటివైపు నుంచి పిలవాలి, వీధివైపు వాళ్ళ అత్త పడుకుంటుంది. అలా ఏళ్ళ తరబడి పిలిచింది. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. మంచం దిగితే నిలబడ్డానికే కాసేపు గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మేస్త్రిరికం ఇక వదిలేయాలేమో అని లోలోపల దిగులు పడుతున్న రోజుల్లోనే వాన వచ్చి ఆదుకుంది. ఆమె కదలకుండానే సందంతా లేచేది. ఆమె నెమ్మదిగా మోకాళ్ళకి నూనె రాసుకుని అన్నం గిన్నె కట్టుకునేసరికి అందరూ ఆటో దగ్గర ఉండేవాళ్ళు.

ఆ ఇంట్లో రాత్రంతా ఆయనకి నిద్ర రాదు, ఆమెకి నిద్ర చాలదు. ఆయన చక్రం బాగా తగ్గించి, డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని పాత పాటలు వినేవాడు. స్టేషను మూసేశాక చక్రం మళ్ళీ కడదాకా తిప్పి కిటికీలో పెట్టేవాడు. ఆ తిప్పే పని ఆయనది. రెండు సీజన్లు ఈ ఏర్పాటు ఢోకా లేకుండా నడిచింది.

కోటప్పకొండ తిరునాళ్ళ ఇంకా పది రోజులుందనగా మబ్బు పట్టింది. లక్ష్మీకాంత్ అనే రైతు చేలన్నీ ఆ ఏడు సిద్దికమ్మ ముఠావే. ఆ చేలుంటే ఉగాది దాకా పని వెతుక్కోనక్కర్లేదు. ముందురోజు సాయంత్రం అతను ఫోన్ చేసి, వాన పడేలోపు పండుకాయ మొత్తం దింపాలి, రేపు చీకటితోనే రండి అన్నాడు. సిద్దికమ్మ సరేనంది. మాటిచ్చింది.

మర్నాడు ఆమె కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. ముందు అదేమిటో అర్థం కాలేదు. కోతల రోజుల్లో తన మంచం మీద ఎండ పడటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, మోకాళ్ళు ఎవరివో అన్నట్టున్నాయి. ఆ హాయి ఒక్క క్షణం. తర్వాత లక్ష్మీకాంత్‌కి ఇచ్చిన మాట గుర్తొచ్చి గబుక్కున మంచం దిగింది.

బయటికి వస్తే సందంతా నిద్రలో ఉంది. కోడిపుంజులు కూసి కూసి ఊరుకున్నట్టున్నాయి. గౌస్ బాషా ఆటో వాళ్ళ వాకిట్లో మంచుతో తడిసి ఉంది, లోపల అతను గుర్రు పెడుతున్నాడు. ఫోను కోతల సంచిలో, అన్నం గిన్నె అడుగున ఉంది. తీసి చూస్తే లక్ష్మీకాంత్ చేసిన కాల్సే. సిద్దికమ్మ సందు మధ్యలో నిలబడి, ఎవరినెలా పిలవాలో అన్నీ మర్చిపోయి, ఒకటే గొంతుతో అందరినీ కేకేసింది. స్తుతి బిడ్డ లేచి ఏడుపందుకుంది.

చేను దగ్గరికి చేరేసరికి సాళ్ళ మధ్య వేరేవాళ్ళు వంగి ఉన్నారు. గట్టు మీద వేరే ముఠా ట్రాక్టరు నిలబడి ఉంది. లక్ష్మీకాంత్ ఆటో దగ్గరికి నడిచొచ్చాడు. కోపం కంటే అలసటే ఎక్కువ కనపడింది అతని మొహంలో.

"ఇప్పుడా సిద్దికమ్మా రావటం?"

"డబ్బా మోగలా, లక్ష్మీకాంత్ గారూ. అందరం పడుకుండిపోయాం."

"డబ్బా మోగలేదని మబ్బు ఆగిద్దా? నీకు చేసీ చేసీ చివరికి పిడుగురాళ్ళ వైపోళ్ళకి చేశా. పాపం అప్పటికప్పుడు ట్రాక్టరు కట్టుకొచ్చారు."

"మధ్యాన్నం నించి మేం కూడా దిగుతాం. రెండు ముఠాలైతే గబగబా అయిపోద్ది."

అతను తల అడ్డంగా ఊపాడు. "మిగతా చేలు కూడా వాళ్ళకే చెప్పేశానమ్మా. ఇవాళ రమ్మని రేపు వద్దంటే వాళ్ళు మాత్రం ఎందుకొస్తారు? మొదటి కాపు పురుగు తినేసింది. నేను ఈ కాపు మీదే ఉన్నా. నువ్వు మాట తప్పే మనిషివి కాదని నాకూ తెలుసు. కానీ కాయకి తెలీదు గదా."

సిద్దికమ్మ ఆటో వైపు తిరిగింది. అందరూ మళ్ళీ ఆటో ఎక్కారు. దారిలో గౌస్ బాషా, ఎవరూ అడగకపోయినా, తన ఫోన్లో అలారం పెట్టుకుంటే పోయేదని రెండుసార్లు తనను తానే తిట్టుకున్నాడు.

ఇంటికొచ్చి డబ్బాని చూసింది. అది బుద్ధిమంతురాలిలా సరైన టైమే చూపిస్తోంది. అలారం పెట్టే ఉంది. చక్రం మాత్రం పూర్తిగా కిందికి ఉంది.

"సౌండు పెంచటం మర్చిపోయావా?" అని అడిగింది.

మీరా హుస్సేన్ మంచం మీద కూర్చుని ఊఁ అన్నాడు. ఆమె ఆయన్ని తిట్టలేదు. ఆ చక్రం పెట్టినవాడి ఏడు తరాలని తిట్టింది, రెండు చక్రాలు పెట్టడానికి వాడబ్బ సొమ్మేం పోయిందని అడిగింది. ఆయన తల వంచుకుని విన్నాడు. అన్నం పెడితే సగమే తిన్నాడు.

సాయంత్రం ముఠా ఆడవాళ్ళు వాకిట్లో చేరారు. పని పోయిన రోజున కూడా వాళ్ళ చేతులు ముందురోజు మంట చల్లారక మజ్జిగలో ముంచుకున్న వాసన వేస్తున్నాయి. చాలాసేపు వాన గురించే మాట్లాడారు, ఆకాశంలో ఉన్న వాన గురించి. ఎవరికి వాళ్ళు అసలు మాట ఇంకొకరు ఎత్తితే బాగుండని చూస్తున్నారు. చివరికి క్రిస్టీనాయే ఎత్తింది.

"సిద్దికమ్మా, నా మీద కోపం పెట్టుకోవద్దు. అమరావతి రోడ్డులో ఒక రైతుతో మాట్లాడా. రేపు రమ్మన్నాడు. ఇంక పిలిచే పని నేను చూసుకుంటా."

పిలిచే పని అంది. మేస్త్రిరికం అనలేదు. అయినా అక్కడున్న వాళ్ళందరికీ రెండూ ఒకటేనని తెలుసు. వెంకటేశ్వరమ్మ నేల చూపులు చూసింది.

"నీకు కాళ్ళు గట్టిగా ఉన్నాయి. పిలువు" అంది సిద్దికమ్మ. గొంతు మామూలుగానే వచ్చింది. టీ పెడతాను ఉండండి అని కూడా అంది. ఎవరూ ఉండలేదు.

వాళ్ళు వెళ్ళాక గడపలోనే కూలబడింది. కోపం రాలేదు, కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి. ఆమెకి అవమానంగా ఉంది. ఒక్క పూట నిద్రకి ఇన్నేళ్ళ మాట కొట్టుకుపోయింది.

వెనక నుంచి మీరా హుస్సేన్ దగ్గాడు. దగ్గు ఆగాక అన్నాడు: "నేను మర్చిపోలా."

ఆమె తిరిగి చూసింది.

"చక్రం. మర్చిపోలా. నేనే తగ్గించి పెట్టా."

"ఎందుకు?"

ఆయనకి ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. "నిద్దర్లో కాయలు కోస్తన్నావ్ సిద్దికా. రెండు చేతులూ దుప్పటి మీద కోస్తానే ఉన్నాయి. తుంచటం, ఒళ్ళో ఏసుకోటం, తుంచటం, ఒళ్ళో ఏసుకోటం. పట్టుకుంటే ఆగినయ్, వదిలితే మళ్ళీ మొదలు. చూడలేకపోయా. ఒక్కపూట ఆగనీలే అనుకున్నా. నీ ఒక్కదాని సంగతే ఆలోచించా. సందు మొత్తం దాని మీదే లెగుస్తందన్న సంగతి నా బుర్రకి తట్టలా."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే పడుకుంటావా?"

పడుకోదు. అది ఇద్దరికీ తెలుసు. సిద్దికమ్మ తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళ చివర్లు తుంచీ తుంచీ నల్లగా పగిలి ఉన్నాయి. అవి రాత్రుళ్ళు కూడా పనిచేస్తున్న సంగతి ఆమెకి తెలియదు. ఈ మనిషి తన బతుకుతెరువు ముంచాడు. ఈ మనిషే రాత్రంతా మేలుకుని తన చేతులు పట్టుకున్నాడు. ఒకదానికి తిట్టాలంటే రెండోది అడ్డం వస్తోంది.

"నీ నిద్ర బాగుంటదని చేశా గానీ, నీ పేరు తీసేశా" అన్నాడాయన. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊరుకో. ఆయాసం వస్తది" అంది. లేచి ఆయన వీపు రాసింది. రాస్తూ రాస్తూ, ఎవరితోనూ ఒప్పుకోకూడదనుకున్న మాట ఒప్పుకుంది. "నిద్ర బాగానే పట్టిందిలే."

ఆ రాత్రి నిజం వాన పడలేదు. మబ్బు విడిపోయింది. వేరేవాళ్ళు కోసిన కాయలు లక్ష్మీకాంత్ కల్లంలో క్షేమంగా ఉన్నాయి. ఆ రోజు అంత హడావుడి అక్కర్లేకపోయిందని తెలిసి కూడా సిద్దికమ్మకి ఏడవాలనిపించలేదు, నవ్వాలనీ అనిపించలేదు. రేపు పనికి పోవాలా వద్దా అని ఆలోచిస్తూ పడుకుంది. మేస్త్రిగా నడిపిన ముఠాలో కూలిగా వంగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పోకపోతే పొయ్యి మీదికి ఏముందో ఆమెకి తెలుసు. దానికంటే పెద్ద సందేహం ఇంకొకటి ఉంది. పాత మేస్త్రిని వెంట పెట్టుకోవడం కొత్త మేస్త్రికి ఇష్టం ఉంటుందా అని. అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

చీకటి ఉండగానే మెలకువ వచ్చింది. ఏ డబ్బా లేపలేదు, అలవాటు లేపింది. పక్క మంచం మీద మీరా హుస్సేన్ కూడా మేలుకునే ఉన్నాడు. ఇద్దరూ కప్పు వంక చూస్తూ పడుకున్నారు. సందు మొదట్లో చెప్పుల చప్పుడు, తర్వాత క్రిస్టీనా గొంతు. ఒక్కో ఇంటి ముందూ ఆగుతోంది, పేరు పెట్టి పిలుస్తోంది, ఆఁ అనిపించుకుని కదులుతోంది. గొంతు ఇంకా కుదురుకోలేదు, కొత్త కదా, కొంచెం బెరుగ్గా ఉంది. చెప్పులు దగ్గరయ్యాయి. పక్కింటి ముందు ఆగి కదిలాయి. వీళ్ళ వాకిలి దగ్గరికొచ్చి ఆగిపోయాయి.

ఎంతసేపటికీ పిలుపు రాలేదు. దాటిపోతుందేమో అనుకుంది సిద్దికమ్మ. దాటిపోతే తప్పు కూడా కాదనుకుంది.

"సిద్దికమ్మా" అని పిలిచింది క్రిస్టీనా. "సిద్దికమ్మా, లెగు. టైమైంది."

ఆమె ఇన్నేళ్ళలో ఎందరినో పిలిచింది. పొద్దున్నే తన గుమ్మం ముందుకొచ్చి తనను పేరు పెట్టి లేపినవాళ్ళు ఒక్కరూ లేరు. లేపేదాన్ని ఎవరు లేపుతారు. ఆఁ అనడానికి నోరు తెరిచింది, అనలేదు.

"పిలుస్తంది" అన్నాడు మీరా హుస్సేన్ మెల్లగా.

ఆమె చేయి చాపి ఆయన నోటి మీద పెట్టింది. కళ్ళు మూసుకుని, నిద్రపోతున్న మనిషిలా కదలకుండా పడుకుంది, ఇంకోసారి పిలుస్తుందని.